నడిమి అక్షరాలు మింగిన దర్బారు

దొరల ఏలుబడి నాటి ఒకానొక సంస్థానంలో రాజావారి ఇంటిపేరు కోదండపతి. ఆయన కొన్నాళ్ళు చెన్నపట్నంలో మకాం పెట్టి, ఒక దొరసాని దగ్గర ఇంగ్లీషు ఇంటిపేర్లు పలకడం నేర్చి వచ్చారు. అది మొదలు ఆస్థానంలో ఎవరికీ నిద్ర లేదు. రాతలో బ్యూచాంప్ అని ఉంటే బీచమ్ అనాలట. మెయిన్‌వేరింగ్ అని ఉంటే మ్యానరింగ్ అనాలట. ఉన్నది ఉన్నట్టు చదివినవాడు అనాగరికుడట.

దర్బారులో వచ్చినవారి పేర్లు ఎలుగెత్తి చెప్పే పని దాలయ్యది. తాతలనాటి కొలువు. కొత్త కలెక్టరు దొర వచ్చిననాడు గుమాస్తా అక్షరాలు కూడబలుక్కుని ఆయన పేరు చెబితే, దాలయ్య అదే అందుకున్నాడు.

"చోల్మొండెలీ దొరవారు వేంచేస్తున్నారహో."

రాజావారి ముఖం మాడిపోయింది. దొర లోపలికి వెళ్ళగానే దాలయ్య మీద విరుచుకుపడ్డారు. "చమ్లీ అనాలిరా మూర్ఖుడా. నా పరువు తీశావు. ఇక ఈ కోటలో నీ గొంతు వినపడకూడదు."

దాలయ్య తిన్నగా ఆస్థాన హాస్యకవి మృత్యుంజయుడి దగ్గరికి వెళ్ళాడు.

"ఉన్న అచ్చరాలన్నీ పలికినాను బాబూ. ఒక్కటీ ఇడిసిపెట్నేదు. అదే తప్పయిపోనాది. మా తాత, మా అయ్య పలికిన కాడ నాను నోరు మూసుకోవాలట."

మృత్యుంజయుడికి నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ దొర అదే దర్బారులో రాజావారిని "కోడండపాటీ" అని పిలిస్తే, రాజావారు ఇకిలిస్తూ చెయ్యి కలిపారు. మన పేర్లను వాళ్ళు ఎంత విరిచినా మనకు ముద్దేనన్నమాట. వాళ్ళ పేరులో రాసి ఉన్న అక్షరం పలికినందుకు మాత్రం ముసలివాడి కొలువు ఊడాలి. సిగ్గులేకపోతే సరి.

మళ్ళీ దర్బారు నాటికి మృత్యుంజయుడు రాజావారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మహారాజా, ఇవాళ పేర్లు నేను పలుకుతాను. ఆ ఇంగ్లీషు పద్ధతి ఏమిటో కాస్త సెలవియ్యండి."

"ఏముందోయ్. మొదలూ తుదీ ఉంచి, నడుమ ఉన్నది వీలైనంత మింగెయ్యాలి. అదే నాగరికత."

"దొరల పేర్లకేనా, అందరివీనా?"

"అందరివీ. మోటు పలుకు ఒక్కటి వినపడ్డా ఊరుకోను."

"చిత్తం."

దర్బారు నిండింది. "చమ్లీ దొరవారు వేంచేస్తున్నారహో" అన్నాడు మృత్యుంజయుడు. రాజావారు మీసం దువ్వుకున్నారు. తర్వాత రాజావారు సింహాసనం వైపు నడిచారు. మృత్యుంజయుడు గొంతు సవరించుకున్నాడు.

"శ్రీశ్రీశ్రీ కోతి మహారాజావారు వేంచేస్తున్నారహో."

"ఎవడ్రా కోతి?" అన్నారు రాజావారు, కత్తి మీద చెయ్యి వేసి.

"తమ ఇంటిపేరే ప్రభూ. 'కో' మొదలు, 'తి' తుది. నడుమ ఉన్న 'దండప' తమ ఆజ్ఞ ప్రకారం మింగాను. రాసేటప్పుడు కోదండపతే, పలికేటప్పుడు మాత్రం కోతి."

దొరకు తెలుగు కొంచెం తెలుసు. ఫక్కున నవ్వాడు. మృత్యుంజయుడు ఆయన వైపు తిరిగాడు.

"దొరవారూ, మా ప్రభువుల పేరు ఒక్కసారి తమరు పలకండి."

"కోడండపాటీ" అన్నాడు దొర.

"విన్నారా మహారాజా. ఉన్న అక్షరాలన్నీ సరిగ్గా పలికిన దాలయ్య గొంతు నొక్కేశారు. తమ పేరు ఇలా విరిచిన వీరికేం శిక్ష వేస్తారు? వెయ్యలేకపోతే దాలయ్యకూ వెయ్యకూడదు."

రాజావారు కత్తి మీది చెయ్యి తీశారు. ఇంతలో దొరే అన్నాడు, "మా దేశంలో కూడా నా పేరు అందరూ తప్పే పలుకుతారు. నేనెవర్నీ ఏమీ అనలేదే."

అప్పుడు రాజావారికి తన తెలివితక్కువతనం మీద తనకే నవ్వు వచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వి, భుజం మీది శాలువా తీసి మృత్యుంజయుడికి కప్పబోయారు. ఆయన దాన్ని దారిలోనే అందుకుని, గుమ్మం అవతల నిలబడ్డ దాలయ్యను పిలిచి అతనికి కప్పాడు.

ఆ పైన దాలయ్య ఎవరి పేరైనా ఉన్నది ఉన్నట్టే పలికేవాడు. రాజావారి పేరు దగ్గర మాత్రం, నడిమి మూడక్షరాలూ ఖణీమని చెవిన పడేదాకా ఆయన సింహాసనం మీద కూర్చునేవారు కారట.