తవిటయ్య కారుకి కొత్త ఇంజను

అనగనగా, కొండదారికి ఇంకా తారు పడని కాలంలో, కొండ కింద ఊళ్ళో తవిటయ్య అనే డ్రైవరుండేవాడు. ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదని, వాళ్ళమ్మ పురిట్లోనే వీణ్ణి పొరుగావిడకి చాటెడు తవుడుకి అమ్మినట్టు చేసి, మళ్ళీ తెచ్చుకుని పెంచుకుంది. ఆ పేరే నిలిచిపోయింది.

తవిటయ్యకో కారుండేది. కాఫీ తోట దొర ఊరొదిలి పోతూ, రోజూ కడిగి తుడిచినందుకు వీడికిచ్చి పోయాడు. కప్పమూతి కారు. అలాంటిది ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. చెడితే సామాను దొరకదు, అడుగుదామంటే తెలిసినవాడు లేడు.

ఆసుపత్రి కొండమీదుంది. జనం కిందున్నారు. తవిటయ్య వాళ్ళని ఎక్కించుకునేవాడు. కారు కింద దారిలో కుందేలులా ఉరికేది. పెద్ద మలుపు దగ్గర మాత్రం ఆయాసపడి ఆగిపోయేది. జనం దిగేవాళ్ళు, తోసేవాళ్ళు, ఎక్కేవాళ్ళు. నవ్వుకుంటూనే తోసేవాళ్ళు.

ఒక వానాకాలం ఆ ఊరి అచ్చియ్యమ్మకి పురిటి నొప్పులొచ్చాయి. కారు మలుపు దగ్గర ఆగింది. అంతా దిగి తోశారు. బురదలో కాళ్ళు జారాయేగానీ కారు కదల్లేదు. అచ్చియ్యమ్మ వెనక సీట్లోనే కనేసింది. బిడ్డ కాసేపటిదాకా ఏడవలేదు. ఆ కాసేపట్లో తవిటయ్య ప్రాణం పోయినంత పనైంది. చివరికి కెవ్వుమంది.

"ఈసారికి అమ్మోరు సల్లగా సూసింది. ఇంకోసారో?" అన్నాడు తవిటయ్య ఇంటికొచ్చి పెళ్ళాం పైడమ్మతో. కారుకి పెద్ద ఇంజను పెట్టాలనుకున్నాడు.

పట్నంలో పెద్ద షెడ్డు యజమాని దగ్గరికెళ్ళాడు. ఆయన బానెట్టు ఎత్తకుండానే, "లారీ ఇంజను పెట్టు. ఏనుగులా ఎక్కుద్ది" అన్నాడు.

"బాబూ, సేసి సెప్తన్నావా, ఇని సెప్తన్నావా?"

"అందరూ అంటారు కదా!"

తవిటయ్య దండం పెట్టి వచ్చేశాడు. పాత సామాను కొట్టాయన దగ్గరికెళ్ళాడు. "జీపు ఇంజను అచ్చంగా అతుకుద్ది, మా బావమరిది చెప్పాడు" అన్నాడాయన.

"మీ బావమరిది సేసి సెప్పాడా, ఇని సెప్పాడా?"

"అది నేనడగలేదే!" అన్నాడాయన. తవిటయ్య దండం పెట్టి వచ్చేశాడు. మూడోసారి ఇంకో దొర దగ్గర పనిచేసిన ముసలి డ్రైవరు దగ్గరికెళ్ళాడు. "ఇంజను మార్చకు. ఉన్న ఇంజనే లోపల తొలిపించి పెద్దది చేయించు" అన్నాడాయన.

"అన్నా, సేసి సెప్తన్నావా, ఇని సెప్తన్నావా?"

"విన్నాన్రా తమ్ముడూ."

దండం పెట్టి వచ్చేశాడు. పైడమ్మకి ఒళ్ళు మండింది. "ఊరందర్నీ అడుగుతావేటి? ఏదో ఒకటి పెట్టేయకూడదా?"

"కారు నాదేగానీ, పేనాలు ఎక్కినోళ్ళవి కదే" అన్నాడు తవిటయ్య.

ఒకనాడు చేపల గంప పెట్టుకుని కారెక్కినావిడ, "ఇలాటి మూతున్న కారు మా ఊళ్ళో నూకన్న దొడ్లో ఉందయ్యా. అందులో కోళ్ళు పడుకుంటాయి" అంది. మర్నాడే తవిటయ్య సముద్రం ఒడ్డున ఆ ఊరికి పోయాడు.

నూకన్న కుంటుకుంటూ వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. "నేను సేసి సెడిపోయినోణ్ణి. లారీ ఇంజను పెట్టి, కారూ పోగొట్టుకున్నాను, కాలూ పోగొట్టుకున్నాను. నన్నడుగుతావేటి?"

"అందుకే అన్నా, నిన్నే అడుగుతన్నాను."

నూకన్న వాణ్ణి దొడ్లోకి తీసుకెళ్ళాడు. కారులోని కోళ్ళని అదిలించి బానెట్టు ఎత్తాడు. "ఇదిగో, బరువుకి ముందు ఇరుసు ఎలా వంగిపోయిందో సూడు. ఇంజను పెద్దది పెట్టాను, బ్రేకులు పాతవే ఉంచేశాను. ఆపలేక సరుగుడు సెట్టుకి గుద్దేశాను." బానెట్టు దించేశాడు. "ఊరంతా నవ్వింది తమ్ముడూ. ఏం జరిగిందని ఒక్కడూ అడగలేదు."

అడిగినవాడొచ్చాడు కాబట్టి నూకన్న ఊరుకోలేకపోయాడు. మూట కట్టుకుని తవిటయ్య వెంట వచ్చేశాడు.

ఇద్దరూ కూచుని ఆలోచించారు. లారీ ఇంజనంత బరువుండదని జీపు ఇంజను ఎంచుకున్నారు. ముందు బ్రేకులు మార్చారు. ఆ తర్వాత ఇరుసు కింద ఇనప కమ్మీ వేశారు. అప్పుడుగానీ కారులోకి ఆ ఇంజను దింపలేదు. ఖాళీ కారు నడిపి చూశారు. ఇసక బస్తాలేసి నడిపి చూశారు. ఆఖరికి పైడమ్మ, "నన్నెక్కించుకోండి. పోతే కలిసే పోదాం" అని ఎక్కి కూచుంది. కారు కొండెక్కింది, దిగింది, ఆపమన్నచోట ఆగింది.

సంతరోజు జనం ఎక్కారు. అచ్చియ్యమ్మ బిడ్డనెత్తుకుని ముందు కూచుంది. పెద్ద మలుపు రాగానే కారు కాస్త నెమ్మదించింది. వెనకవాళ్ళు అలవాటుకొద్దీ దూకేశారు, తోద్దామని చేతులు చాచారు. అక్కడ కారేది? అది ముందుకెళ్ళిపోయింది! "ఓరి తవిటిగా, ఆపరా!" అని అరుస్తూ, నవ్వుతూ, పంచెలు ఎగ్గట్టుకుని కారు వెనక పరుగెత్తారు.

ఆ సంగతి నలుగురికీ తెలిసింది. ఎక్కడెక్కడి వాళ్ళో, ఎవరూ ఎరగని పాత కార్లు తోలుకుని తవిటయ్య దగ్గరికి వచ్చేవాళ్ళు. తవిటయ్య వాళ్ళని తన పాకలో కూచోబెట్టి గంజి పోసి, ముందు తను చెడగొట్టినవి చూపించేవాడు. విరిగిన పళ్ళచక్రం, కాలిన గొట్టం, పగిలిన మూత. ఆ తర్వాతే కుదిరినవి చెప్పేవాడు. తెలియకపోతే, "నాకు తెల్దు బాబూ, తెలిసినోణ్ణి ఎతుకుదాం" అని తనూ బయల్దేరేవాడు.

తవిటయ్య పోయిననాడు కొండదారి పొడుగునా బళ్ళు ఆగిపోయాయి. నూకన్న అప్పటికి ముసలివాడు. తన పాత కారు ఇరుసు, ఆ వంగిపోయినదే, మోయించుకొచ్చి తవిటయ్య పాకలో పెట్టాడు. అది చూసి, తవిటయ్య దగ్గర పని తెలుసుకున్న మెకానిక్కులూ తాము పాడుచేసిన సామాను ఒక్కొక్కటే తెచ్చి పక్కన పెట్టారు.

ఇప్పటికీ అక్కడ కొత్తగా పని నేర్చుకునేవాళ్ళని ముందు ఆ పాకకే తీసుకెళ్తారు. ఇప్పటికీ ఆ కొండ కింద ఎవరైనా గొప్పగా సలహా చెప్పబోతే, పొలం గురించైనా, పెళ్ళి గురించైనా, వినేవాళ్ళు నవ్వుతూ చెయ్యి అడ్డం పెడతారు.

"ముందు సెడింది సెప్పు. తవిటయ్య ఇంటన్నాడు."