నక్క బండి హారన్

నల్లగుట్ట అడవిలో జనాన్ని ఎక్కించుకునే జీపులు రెండే రెండు. ఒకటి దున్నపోతు గంగులుది, ఇంకోటి నక్కది.

గంగులు జీపు ముసలిది. రంగు అక్కడక్కడా లేచిపోయింది. సీటు చిరిగితే గోనెపట్టా వేసి కుట్టాడు. కానీ చెయ్యెత్తితే ఆగుద్ది. తాబేలు ఎక్కేదాకా ఆగుద్ది, కుంటి మేక పుల్లమ్మ ఎక్కి సర్దుకునేదాకా కూడా ఆగుద్ది. నక్క జీపు అట్టా కాదు. కాస్త నెమ్మది చేస్తది అంతే. దూకి ఎక్కగలిగినోళ్ళు ఎక్కాలి, మిగతావాళ్ళు దుమ్ము దులుపుకుని ఇంటికి పోవాలి.

పుల్లమ్మకి ఏదో బండి తగిలి కాలు విరిగింది. సంత రోజున వాగు అవతల ఎలుగుబంటి దగ్గరికి పోయి పసరు కట్టు మార్పించుకోకపోతే ఆ కాలు బుర్రలాగా వాస్తది. ఆమెని అక్కడిదాకా మోసుకుపోయేది గంగులు జీపే.

అలాంటి జీపుకి ఫిట్‌నెస్ గడువు అయిపోవచ్చింది. ఆ అడవికి బ్రేకు ఇనస్పెక్టరు కొంగ. ఏడాదికోసారి వాగు ఒడ్డు మైదానంలో నిలబడి బండ్లన్నీ చూస్తది. పాసైతే అద్దం మీద ఆకుపచ్చ స్టిక్కరు అంటిస్తది. లేకపోతే మళ్ళీ ఏడాది కొంగ వచ్చేదాకా బండి చెట్టు కింద ఉండాల్సిందే. ఈసారి ఇంకో తిప్పలు. కొంగ వచ్చిన మర్నాడే తిరునాళ్ళు. స్టిక్కరు ఉన్న బండే తిరునాళ్ళకి జనాన్ని తోలాలని పెద్దలు ముందే చెప్పేశారు.

గంగులుకి కాలు ఒక చోట నిలవడంలేదు. కొంగ వచ్చే రోజు పొద్దున్నే జీపు కడిగాడు. కడిగిందే మళ్ళీ కడిగాడు. బ్రేకు తొక్కి చూశాడు, దిగి చుట్టూ తిరిగాడు, మళ్ళీ ఎక్కి తొక్కాడు.

"తమ్ముడూ, కాస్త కూర్చోరా. నువ్వు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది పుల్లమ్మ. ఆమె జీపు నీడలో కాలు చాపుకుని తుమ్మకాయలు నములుతా ఉంది.

"ఎట్టా కూర్చోను అక్కా? పాస్ కాకపోతే నీ కాలు సంగతేంది?"

"నా కాలు నాకు తగిలించే ఉందిగా. యాడికీ పోదులే."

అప్పుడే నక్క వచ్చింది. భుజాన సంచి, సంచిలోంచి బయటికి వేలాడుతున్న తీగలు. జీపుని ముందు నుంచి చూసింది, వెనక నుంచి చూసింది. తర్వాత ఎవరో పోయినట్టు నాలిక చప్పరించింది.

"మామా, ఇట్టాగే తీసుకుపోతావా కొంగ దగ్గరికి?"

"ఏం అల్లుడూ, ఏమైంది?"

"ఏమీ లేదనే చెబుతున్నా. బండికి ఒక్క మెరుపన్నా లేదు. తెల్లబట్టలేసుకున్నది గదా కొంగ, దానికి శుభ్రం, సోకు ఇష్టం. మసకగా ఉన్న బండిని దూరం నుంచే పొమ్మంటది."

గంగులు తోక అటూ ఇటూ కొట్టుకుంది. "నాకు లైట్లున్నాయిగా."

"అవి లైట్లా మామా? అవి ముసలోడి కళ్ళు. ఇదిగో చూడు." నక్క సంచిలోంచి లైటు పట్టీలు తీసి పాముల్లాగా నేల మీద పరిచింది. "బండి కింద నీలం. ముందు అద్దం మీద ఎర్ర గీత. పైన మిటమిటలాడేది ఒకటి. హారన్ తీగకి కలిపానంటే, పాం అని కొట్టినప్పుడల్లా అన్నీ డాన్సాడతాయి. నా జీపుకి అదే పెట్టా."

"మరి ఎంత పుచ్చుకుంటావు?"

"నీ దగ్గర పుచ్చుకుంటానా మామా? ఒకే రోడ్డు మీద తిరిగేవాళ్ళం."

పుల్లమ్మ తుమ్మకాయ నమలడం ఆపింది. "అబ్బాయీ, నిన్న నీ జీపు అంచు పట్టుకుంటే నా గిట్టల మీద కొట్టావు. ఇవాళ ఇంత ప్రేమ ఎట్టా పుట్టిందిరా?"

"పెద్దమ్మా, నీకు అన్నీ అనుమానాలే. అందుకే కాలు కూడా ఇరిగింది."

ఆ మాటకి గంగులు నక్కని కసురుకోవాలి. కానీ అతని మనసంతా కొంగ దగ్గరే ఉంది. పొద్దెక్కుతోంది. మైదానం వైపు బండ్లు పోతున్న చప్పుడు వినబడుతోంది. "సరేలే, త్వరగా కానివ్వు," అన్నాడు.

నక్క చేతులు చకచకా ఆడాయి. పట్టీలన్నీ జిగురుతో గట్టిగా అంటించింది. తీగల్ని కొన్ని హారన్‌కి, కొన్ని హెడ్‌లైటుకి కలిపి మెలిపెట్టింది. ఆర్పడానికి స్విచ్చి మాత్రం పెట్టలేదు. అది గంగులు అడగలేదు, నక్క చెప్పలేదు.

జీపు తాళం తిప్పగానే కింద నీలంగా, ముందు ఎర్రగా వెలిగింది. చెట్ల మీద పిట్టలు లేచిపోయాయి.

"బాగుంది గదా అక్కా?" అన్నాడు గంగులు, కాస్త భయంగానే.

"పెళ్ళికి పోయే బండి లాగుంది. మనం పోయేది కట్టు మార్పించుకోడానికి," అంది పుల్లమ్మ. అయినా ఎక్కి కూర్చుంది.

మైదానంలో బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. కోతి ఆటో ముందు, దాని వెనక గంగులు, గంగులు వెనక నక్క. పొద్దు నడినెత్తికొచ్చింది. గంగులు ఇంజను ఆపాడు, వేశాడు, మళ్ళీ ఆపాడు.

కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. మెడ సాచి కోతి ఆటో కిందికి పెట్టింది. కాసేపు ఆ మెడ బయటికి రాలేదు. వచ్చాక నెమ్మదిగా అడిగింది. "కింద ఆ నీలం లైటు ఎందుకు?"

"అందానికి సార్," అంది కోతి.

"అందం నీ మొహానికి పెట్టుకో. ఆటోకి ఒద్దు. తీసేసి రా."

కోతి వాదించింది. అందరూ పెడుతున్నారంది, పక్క అడవిలో చెల్లుద్దంది. కొంగ రెండో కాలు కూడా కింద పెట్టి వెనక బండి వైపు చూసింది. కోతి గొణుక్కుంటూ ఆటో తిప్పుకుని పోయింది.

గంగులు గభాల్న కిందికి దిగి పట్టీ పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే హెడ్‌లైటు ఆరిపోయింది. వదిలితే మళ్ళీ వెలిగింది. వెనక్కి తిరిగి చూశాడు. నక్క స్టీరింగు మీద గడ్డం పెట్టుకుని ఆకాశం చూస్తోంది.

"అల్లుడూ, ఇదేంది?"

"అయ్యో, కొంగకి ఈ ఏడు సోకు పడటంలేదేమో మామా. నాకేం తెలుసు?"

"మరి నీ బండికీ ఉన్నాయిగా?" అని అడిగింది పుల్లమ్మ.

నక్క గొంతు తగ్గించి నవ్వింది. "నా సీటు కింద స్విచ్చి ఉంది పెద్దమ్మా. నొక్కితే ఆరిపోతాయి. పట్టీల మీద నల్ల గుడ్డ అంటించా. కొంగకి కళ్ళే ఉన్నాయి గదా, చూసుకుని పొమ్మను. రేపు తిరునాళ్ళకి మీరంతా నా బండే ఎక్కాలి. నువ్వు మాత్రం దూకడం నేర్చుకో."

గంగులు కొమ్ములు వంచాడు. ఎగిరి పడతాడేమో అనుకుంది పుల్లమ్మ. అంతలో కొంగ పిలిచింది. "తర్వాతి బండి."

ఇంక దాచడానికి చోటు లేదు. గంగులు జీపుని ముందుకి తెచ్చి, కొంగ మెడ వంచకముందే తనే చెప్పేశాడు. "సార్, కింద నీలం ఉంది. ముందు ఎరుపు ఉంది. పైన మిటమిటలాడేది ఉంది. ఇవాళ పొద్దున్నే పెట్టించా. పాస్ అవుతానని పెట్టించా సార్."

కొంగ అతని వైపు తల పక్కకి వంచి చూసింది. "పాస్ అవడానికా?"

"అవును సార్."

"ఏమయ్యా, బండికి లైట్లు నువ్వు చూసుకోడానికి కాదు. ఎదుటోడు నిన్ను చూడటానికి. ముందు తెల్లగా ఉంటే బండి వస్తోందని అర్థం. వెనక ఎర్రగా ఉంటే పోతోందని అర్థం. చీకటి పడే వేళకి బండి కనబడదు, రంగే కనబడుద్ది. ముందు ఎరుపు పెట్టావనుకో, రోడ్డు దాటేవాళ్ళు నువ్వు పోతున్నావనుకుంటారు. నువ్వేమో వాళ్ళ మీదికి వస్తుంటావు. ఇంక ఆ మిటమిటలాడేది ఎలుగుబంటి మందుల బండికే ఉండాలి. అందరికీ ఉంటే, ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరు దారిస్తారు?"

జీపులో పుల్లమ్మ కదలకుండా కూర్చుంది. నోట్లో తుమ్మకాయ అట్టాగే ఉంది.

"అక్కా, ఏమైంది?" అన్నాడు గంగులు.

"నా కాలు విరిగిన సాయంత్రం ఎర్ర లైటే చూశాన్రా తమ్ముడూ," అంది ఆమె మెల్లగా. "బండి పోతోందనుకున్నా. పోతోందిలే అని రోడ్డు మీదికి అడుగేశా."

కొంగ ఆమె కాలు వైపు చూసి, గంగులు వైపు తిరిగింది. "గుట్ట మీదికి పొద్దు వాలేదాకా ఇక్కడే ఉంటా. అప్పటిలోగా బండి ఇంతకుముందు ఎట్టా ఉందో అట్టా చేసి తీసుకురా. పక్కకి పెట్టు."

గంగులు జీపుని పక్కకి తీశాడు. అతని మొద్దు గిట్టలకి ఆ సన్న తీగలు చిక్కవు. కొమ్ముతో పొడిస్తే బండే పగులుద్ది. మేక పళ్ళు మాత్రం ముళ్ళ మధ్య చిగురు ఏరుకు తినే పళ్ళు. పుల్లమ్మ కుంటుకుంటూ దిగి జిగురు పట్టీ కొస దొరకబుచ్చుకుని సన్నగా లాగడం మొదలుపెట్టింది. గంగులు వెనక నుంచి "అది కాదక్కా, ఆ పక్కది, నల్లది ముట్టుకోబాక" అంటూ గిట్టలు నేలకేసి కొట్టుకుంటున్నాడు. మాటిమాటికీ గుట్ట వైపు చూస్తున్నాడు.

అక్కడ నక్క బండి కొంగ ముందుకొచ్చింది. తళతళలాడుతోంది గానీ ఒక్క రంగు లైటు లేదు. కొంగ కిందికి చూసింది, నల్లగా ఉంది. బ్రేకు తొక్కించింది, వెనక ఎర్రగా వెలిగింది. పక్క లైట్లు పసుపుపచ్చగా కొట్టుకున్నాయి. కొంగ రెక్క కింద నుంచి ఆకుపచ్చ స్టిక్కరు బయటికి తీసింది.

పుల్లమ్మ పట్టీ వదిలేసి కుంటుకుంటూ అక్కడికి పోయింది.

"అయ్యా, ఒక మాట. రేపు తిరునాళ్ళలో మాలాంటి కుంటోళ్ళు, గుడ్డోళ్ళు రోడ్డు మీదే ఉంటారు. బండి కనబడకపోయినా వినబడాలి గదా. ఒక్కసారి హారన్ కొట్టించండి."

"న్యాయమే," అంది కొంగ. "కొట్టవయ్యా."

నక్క చెయ్యి స్టీరింగు దాకా పోయి ఆగిపోయింది. "హారన్‌కి పొద్దున్నించి గొంతు బాలేదు సార్. చలికి పట్టేసింది."

"హారన్ లేని బండి పాస్ కాదు."

"ఉంది సార్, ఉంది," అని నక్క తల బయటికి పెట్టి నోటితోనే "పాం పాం" అని కూసింది.

కొంగ రెప్ప ఆర్పలేదు. "నోరు తెరవాల్సింది బండి. నువ్వు కాదు."

నక్క ఇటు చూసింది, అటు చూసింది. హారన్ తీగ సీటు కింది స్విచ్చి మాట వినదు. కొడితే ఒక తంటా, కొట్టకపోతే ఇంకో తంటా. చివరికి ఒక వేలితో, నిద్రపోయే పిల్లని తట్టినట్టు, మెల్లగా నొక్కింది.

మెల్లగా నొక్కినా పాం అనే అంది. నల్లగుడ్డ అంచుల్లోంచి నీలం తన్నుకొచ్చింది. పైన మిటమిట మొదలైంది. ముందు అద్దం మీద ఎర్ర గీత, ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తింది. నక్క కంగారులో చెయ్యి తీయడం మర్చిపోయింది. హారన్ మోగుతా ఉంది, బండంతా డాన్సాడతా ఉంది.

పుల్లమ్మ ఆ ఎర్ర గీతనే చూసింది. చూసి తన కాలు వైపు చూసుకుంది.

"ఇదేరా అబ్బాయీ," అంది. గొంతు పెంచలేదు. "ఈ గీతే."

"ఎన్నో బండ్లకి ఉంటది పెద్దమ్మా," అంది నక్క. కానీ తల ఎత్తలేదు.

కొంగ స్టిక్కరుని తిరిగి రెక్క కింద పెట్టుకుంది.

"సాయంత్రం దాకా టైమివ్వండి సార్, గంగులు మామకి ఇచ్చారుగా. అన్నీ పీకేస్తా."

"తెలియక పెట్టినోడు ముందే చెప్పాడు, వాడికి సాయంత్రం దాకా టైము. నువ్వు గుడ్డ కప్పి తెచ్చావు. వచ్చే ఏడు రా."

పొద్దు గుట్ట మీదికి వాలుతుండగా పుల్లమ్మ ఆఖరి తీగని పంటితో మెలిపెట్టి బిగించింది. గంగులు తాళం తిప్పాడు. ముందు తెలుపు. బ్రేకు తొక్కితే వెనక ఎరుపు. హారన్ కొడితే హారన్ మోగింది, అంతకుమించి ఏమీ జరగలేదు. కొంగ స్టిక్కరు అంటించి, గోనెపట్టా సీటు వైపు చూసి, "కుట్టు బాగుంది," అని ఎగిరిపోయింది.

మర్నాడు గంగులు జీపు తిరునాళ్ళకి బయలుదేరింది. ముందుగా వాగు అవతల ఎలుగుబంటి దగ్గర ఆగేట్టు మాట్లాడుకున్నారు. మలుపు దగ్గర నక్క చెయ్యెత్తింది. గంగులు అలవాటు కొద్దీ ఆపాడు. బండి కిటకిటలాడుతోంది. చోటున్నది పుల్లమ్మ పక్కనే.

నక్క ముడుచుకుని కూర్చుంది. జీపు కదిలింది. రాళ్ళ దారి మొదలుకాగానే పుల్లమ్మ విరిగిన కాలు ఎత్తి నక్క ఒళ్ళో పెట్టింది.

"కుదుపుకి నొప్పి పుడుతోంది అబ్బాయీ. కాస్త పట్టుకో."

ఎలుగుబంటి గుమ్మం దాకా నక్క ఆ కాలిని రెండు చేతులతో పట్టుకునే ఉంది.

నీతి: బండికి లైట్లు పెట్టేది మనం మెరవడానికి కాదు, ఎదుటోళ్ళు బతకడానికి.