నేను అనే చప్పుడు

ఒక ఊళ్ళో కథల్ని ఒకరు చదివితే మిగతా అందరూ వినేవారు. చదవడానికి ఒకావిడ ఉండేది, చప్పుళ్ళు చేయడానికి ఒకాయన ఉండేవాడు. సావిడిలో ఆవిడ పీట మీద కూర్చుంటే ఆయన తెర వెనక కూర్చునేవాడు.

ఆవిడ "వాన మొదలైంది" అని చదవగానే ఆయన ఇత్తడి పళ్ళెంలో పెసలు పోసేవాడు. గుర్రం వచ్చిందంటే రెండు కొబ్బరి చిప్పలు నేలకు తాటించేవాడు. పోసేవి పెసలని అందరికీ తెలుసు. అయినా ముందు వరసలో వాళ్ళు తడుస్తామన్నట్టు కాళ్ళు ముడుచుకునేవారు. అంత పనితనం ఆయనది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, తంటా అంతా అక్కడే వచ్చింది.

తెర వెనక ఆయనకు రెండు గోనె సంచులుండేవి. ఒకటి మగ సంచి. అందులో కిర్రు చెప్పులు, చేతికర్ర, చుట్ట వెలిగించే అగ్గిపెట్టె. రెండోది ఆడ సంచి. అందులో గాజులు, పట్టీలు, చిన్న రోకలి, తాళాల గుత్తి. కథలోకి ఎవరు అడుగుపెట్టినా ఆయన చెయ్యి ముందు ఏదో ఒక సంచిలోకి వెళ్ళేది. చదివే ఆవిడ ఇంకా నోరు తెరవకముందే, వచ్చేది ఆడో మగో ఊరికి తెలిసిపోయేది.

"నా చప్పుడు విన్నాక ఇక మనిషిని చూడక్కర్లేదమ్మా" అనేవాడు ఆవిడతో. ఆవిడ కాదనేది కాదు.

ఆయన ఇంట్లో ఈడొచ్చిన బిడ్డ ఉండేది. బట్టల మీద అచ్చులద్దడం ఆ బిడ్డ పని. చెక్క అచ్చును రంగులో ముంచి, బట్ట మీద పెట్టి, పిడికిలితో ధబ్బున కొడితే పువ్వు పడుతుంది. పొద్దెక్కిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఆ దెబ్బలు వినిపిస్తూనే ఉండేవి. ఊరు ఆ బిడ్డను కొడుకంది. బిడ్డ తనను తాను కూతురనుకుంది. మన భాష కొన్నిచోట్ల మనకంటే మంచిది, ఆడా మగా తేల్చకుండా బిడ్డ అనే మాటను మన నోటికిచ్చింది.

ఒకసారి బిడ్డ ఆ సంగతి తండ్రికి చెప్పింది కూడా. "నాన్నా, నేను నీ కూతుర్ని" అంది. అప్పుడాయన పళ్ళెం ముందు కూర్చుని వాన సరిచూసుకుంటున్నాడు. వాన హోరులో వినపడలేదన్నట్టు ఇంకో గుప్పెడు పెసలు పోశాడు. కానీ వినపడింది. చీమ చిటుక్కుమన్నా పట్టే చెవులవి.

ఒక వేసవిలో ఆ ఊరికి కొత్త నవల వచ్చింది. కొడుకుగా పుట్టి, తాను కూతుర్నని తెలుసుకున్న ఒక మనిషి కథ. ఆ మనిషే తన నోటితో చెప్పుకున్న కథ. చదివే ఆవిడ ముందుగా ఇంట్లో చదువుకుని తెర దగ్గరికి వచ్చింది.

"ఇది చిక్కుగా ఉందయ్యా. పుస్తకం పొడుగునా 'నేను' అనే ఉంది. నేను వచ్చాను, నేను తిన్నాను, నేను ఏడ్చాను. వచ్చాడో వచ్చిందో ఎక్కడా లేదు. జనం అడిగితే ఏం చెప్పను?"

"జనం అడగరమ్మా, వింటారు. మాట తేల్చనిది చప్పుడు తేలుస్తుంది. నాకొదిలెయ్యండి" అన్నాడాయన.

నిజానికి ఆయనకు తేల్చాలన్న కోరికేమీ లేదు, భయముంది. ఇలాంటి కథ వింటూ వింటూ ఊరు తన ఇంటి వైపు చూస్తుందేమోనని భయం. ముందు తనే నవ్విస్తే ఇక ఎవరూ అటు చూడరు కదా అనుకున్నాడు.

పొద్దున్నే సావిడి నిండింది. ఆవిడ "నేను గడప దాటాను" అని చదివింది. ఆయన ఒక చేతికి కిర్రు చెప్పు తొడిగి, రెండో చేతికి గాజులు వేసుకుని రెండింటినీ కలిపి నడిపించాడు. కిర్రు, గలగల. కిర్రు, గలగల. మధ్యలో బండ దగ్గు ఒకటి దగ్గి, చివర్న తాళాల గుత్తిని వయ్యారంగా ఆడించాడు.

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. చదివే ఆవిడ కూడా పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఇంకోసారి!" అని ఎవరో కేకేశారు. ఆ మాట వినడానికి పుట్టినవాడాయన, రెండోసారి అనిపించుకుంటాడా?

అప్పట్నుంచి 'నేను' వినపడినప్పుడల్లా కిర్రు, గలగల. ఆ మనిషి అన్నం తిన్నా, దెబ్బలు తిన్నా, తల్లి కాళ్ళు పట్టుకుని ఏడ్చినా కిర్రు, గలగల. ఏడ్చిన చోట ఇంకా ఎక్కువ నవ్వారు. చివరి వరసలో కూర్చున్న బిడ్డ లేచి వెళ్ళిపోయింది. తెర వెనక ఉన్నాయనకు అది కనపడలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళింది కాబట్టి వినపడలేదు కూడా.

నవల సగం దాటాక ఒకరోజు ఆయన భార్య అంది.

"ఇల్లిలా ఉందేమిటండీ?"

"ఎలా ఉంది?"

"వినండి మీకే తెలుస్తుంది."

ఆయన చెవులు రిక్కించాడు. బిడ్డ పెరట్లోంచి వంటింట్లోకి నడిచి వచ్చింది, అడుగు వినపడలేదు. బిందెలో నీళ్ళు ముంచుకుంది, చెంబు బిందెకు తగల్లేదు. దగ్గొస్తే నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. తర్వాత పనిలో కూర్చుని, అచ్చును బట్ట మీద పెట్టి అరచేత్తో మెల్లిగా అదిమింది. అచ్చుకు దెబ్బ పడకపోతే బట్టకు రంగు పట్టదు. పువ్వులన్నీ పాలిపోయి ఉన్నాయి. తిరిగొచ్చిన బట్టలు గోడవార కుప్పగా పడున్నాయి.

"ఇలాగే చడీ చప్పుడూ లేకుండా ఏదో ఒకరోజు గడప దాటిపోతే మనకు తెలుస్తుందా?" అంది భార్య. "ఊళ్ళో వాళ్ళందరి నడకా మీకు తెలుసు. మన బిడ్డ నడక ఎలా ఉండేదో చెప్పండి చూద్దాం."

ఆయన చెప్పబోయాడు. ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు. భార్య ముందు తల కొట్టేసినట్టయింది.

లేచి బిడ్డ దగ్గరికి వెళ్ళాడు. "ఏరా, అచ్చు కొట్టడం మానేశావేం?"

"కొడితే మగ సంచిలో వేస్తావు. మెల్లిగా అద్దితే ఆడ సంచిలో వేస్తావు. రెండూ కలిస్తే ఊరందర్నీ పిలిచి నవ్విస్తావు" అంది బిడ్డ. "నీ సంచుల్లో లేని చప్పుడు ఒక్కటి చెప్పు నాన్నా. అలా నడుస్తాను."

ఆయన దగ్గర అలాంటిది లేదు.

"నవల అయ్యేదాకా ఉంటాను" అంది బిడ్డ. "ఆ మనిషిని చివరికి ఏం చేస్తారో విని, ఉండాలో పోవాలో చూసుకుంటాను."

తెల్లారి ఆయన చప్పుడు వెతుక్కుంటూ ఊళ్ళోకి వెళ్ళాడు. ఒక గోడ పక్క నిలబడి కళ్ళు మూసుకున్నాడు. లోపల రోకటి పోటు వినపడింది. ఆడ సంచి, అనుకున్నాడు. తొంగి చూస్తే గుబురు మీసాలాయన పసుపు కొమ్ములు దంచుతున్నాడు. ఇంకో అరుగు దగ్గర అగ్గిపుల్ల గీసిన చప్పుడు, వెంటనే బండ దగ్గు. మగ సంచి, అనుకున్నాడు. కళ్ళు తెరిస్తే ఒక ముసలమ్మ చుట్ట నిప్పును నోట్లోకి తిప్పుకుని అడ్డపొగ తాగుతోంది.

"ఏంటయ్యా అలా గుడ్లప్పగించి చూస్తున్నావు? చుట్ట ఎప్పుడూ చూళ్ళేదా?" అంది ముసలమ్మ.

ఆయన ముందుకు నడిచాడు. ఎదురుగా గలగల గాజులు వస్తున్నాయి. ఈసారి ఏ సంచీ అనుకోలేదు. వచ్చింది గాజుల మలారం మోస్తున్న మగమనిషి. గిడ్డంగి కాపలావాడి మొలన తాళాల గుత్తి ఆడుతోంది.

ఆయన అక్కడే ఎవరిదో అరుగు మీద కూలబడ్డాడు. ఆ సంచుల్ని ఆయన ఊళ్ళోంచి నింపుకుని తెచ్చుకోలేదు. ఆయనే కట్టి ఊరికి నేర్పాడు. ఊరు ఆ చప్పుళ్ళతోనే మనుషుల్ని కొలుస్తోంది. ఊరి సంగతి అలా ఉంచితే, తన ఇల్లు దాచుకోవడానికి తన బిడ్డనే నడివీధిలో నిలబెట్టి నవ్వించాడు. ఆయనకు సిగ్గేసింది. తప్పు చేస్తూ పట్టుబడ్డవాడి సిగ్గు కాదు. ఎవరూ పట్టుకోకపోయినా, తనను తాను చూసి మొహం తిప్పుకోవాలనిపించే సిగ్గు. చేతులతో చెవులు మూసుకున్నాడు. ఆ చెవుల్ని అలా మూసుకోవడం ఆయనకు అదే మొదలు.

నవల ఆఖరి రోజున ఆయన సంచులు తీసుకెళ్ళలేదు. తెర వెనక ఒట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చివరి వరసలో బిడ్డ ఉంది.

"నేను నా పేరు పెట్టుకున్నాను" అని చదివింది ఆవిడ.

తెర వెనక నుంచి ఏ చప్పుడూ రాలేదు. అయినా జనం నవ్వారు. ఆవిడ కొంచెం ఆగి "నేను అద్దం ముందు నిలబడ్డాను" అంది. 'నేను' దగ్గరే నవ్వేశారు. అద్దం ఎవరికీ వినపడలేదు.

ఆయన ఉండబట్టలేక తెర తోసుకుని బయటికి వచ్చాడు. ఇన్నేళ్ళలో జనం ముందుకు రావడం అదే మొదటిసారి. చేతులు జోడించాడు. "అయ్యా, నవ్వకండి. నేను..."

సావిడి ఘొల్లుమంది. తప్పు చేశానని చెప్పుకోవడానికి కూడా మొదలు ఆ మాటే కావాలి, ఆ మాటను ఆయనే పాడు చేసిపెట్టాడు. మళ్ళీ "నేను" అన్నాడు, మళ్ళీ నవ్వారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు పాపం. ఆయన మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తెర వెనక్కి వెళ్ళి, చదవడం ముగిసి జనం లేచేదాకా నిలబడ్డాడు. తెర సందులోంచి చూస్తే చివరి వరసలో బిడ్డ లేదు.

ఆయన దొడ్డిదారిన వీధిలో పడ్డాడు. అప్పటికి ఎండ మండుతోంది. వడగాలికి ఇళ్ళన్నీ తలుపులు వేసుకున్నాయి. సావిడి నుంచి ఇళ్ళకు చేరినవాళ్ళు తలుపులు కొడుతున్నారు. "ఎవరు?" అని లోపల్నుంచి అడుగుతున్నారు. "నేను" అని బయటివాళ్ళు అంటున్నారు. అనగానే లోపల ఒకరు, బయట ఒకరు కిసుక్కుమంటున్నారు. ఒక ఇంటి ముందు ముసలాయన "నేనేనే, తియ్యి" అని బతిమాలుతుంటే లోపల మనవలు పడీ పడీ నవ్వుతున్నారు. ఆయన అదంతా వింటూ తల వంచుకుని పరిగెత్తాడు.

తన ఇంటి తలుపు మూసి ఉంది. భార్య ఇంకా సావిడి నుంచి రాలేదు. లోపల బిడ్డ ఉందో వెళ్ళిపోయిందో తెలియదు. తలుపుకు చెవి ఆనించాడు. ఏమీ లేదు. తలుపు కొట్టాడు. ఏమీ లేదు. ఇంకా గట్టిగా కొట్టాడు.

"ఎవరు?" అంది లోపల్నుంచి బిడ్డ.

బతికాననుకున్నాడు. జవాబు నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. ఎదురింటి అరుగు మీద, పక్కింటి పందిరి కింద మనుషులున్నారు. తలుపు మోత విని అందరూ ఇటే చూస్తున్నారు. ఇన్నాళ్ళూ ఏ చూపు తన ఇంటి మీద పడకూడదని ఇంత చేశాడో ఆ చూపే అది.

"తలుపు తియ్యి" అన్నాడు గొణుగుతూ.

"ఎవరు?" అంది బిడ్డ మళ్ళీ.

"మీ నాన్నని."

గడియ కదల్లేదు. ఆ మాట ఆ తలుపుకు చాలలేదని ఆయనకు అర్థమైంది.

"నేను" అన్నాడు.

వీధి నవ్వింది. పందిరి కింద ఎవడో నోటితోనే కిర్రు, గలగల అన్నాడు. దానికి ఇంకా నవ్వారు. ఆ నవ్వు చెవిలోంచి వెళ్ళి ఒళ్ళంతా పాకితే ఎలా ఉంటుందో ఆయనకు తెలిసింది. పారిపోవాలనిపించింది. బిడ్డ ఇన్నాళ్ళూ ఇది వింటూ ఇంట్లో తిరిగిందని గుర్తొచ్చి ఆగాడు. తలెత్తి, వీధికంతటికీ వినపడేలా, పుట్టిన దగ్గర్నుంచి 'ఏరా' అని పిలిచిన బిడ్డను పిలిచాడు.

"నేనమ్మా. తలుపు తియ్యమ్మా."

ఒక్క క్షణం వీధి నవ్వు ఆగిపోయింది. మళ్ళీ అందుకుంది, ముందుకంటే ఎక్కువగా. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఆ నవ్వుల మధ్యలో తలుపు అవతల అడుగులు వినిపించాయి. మునివేళ్ళ మీద కాదు, మడమలు నేలకు ఆనించి నడిచే అడుగులు. గడప దాకా వచ్చాయి. గడియ తీసిన చప్పుడైంది.

ఆ అడుగులు ఎలా ఉంటాయో ఒక్కసారి వినిపించమని ఊరివాళ్ళు తర్వాత చాలాసార్లు అడిగారు. ఆయన చేసి చూపించలేదు.