మోచేతికి గడియ

దబ్బపాలెంలో బుర్రంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని గవరయ్య, అప్పలకొండ, ఎరకయ్య అనే ముగ్గురన్నదమ్ములకీ గట్టి నమ్మకం. ఊళ్ళో ఎవరైనా నవ్వితే, పాపం కుళ్ళుకుంటున్నారని జాలిపడేవాళ్ళు.

చిన్నవాడు ఎరకయ్యకి నూకాలుతో పెళ్ళి కుదిరింది. ఆ పిల్లంటే వాడికి ప్రాణం. పీటల మీద చెయ్యి వణికితే పరువు పోతుందని, ముందురోజు గేదె మెడలో తాడు వేసి తాళి కట్టడం నేర్చుకోబోయాడు. మొదటి ముడికి గేదె ఊరుకుంది. రెండో ముడికి విసిరికొట్టింది. అంతే! కుడి మోచెయ్యి కీలు తప్పింది.

ఎముకలు సర్దే సోములుతాత చెయ్యి లాగి, కీలు సరిచేసి, బద్దలు పెట్టి తిన్నగా కట్టు కట్టాడు.

"ఒరే, మోచేతి కీలు తలుపులాంటిది, ఒకవైపే మడుస్తుంది. నేను చెప్పేదాకా అది మెదలకూడదు. భుజం కీలు రోట్లో పొత్రంలాంటిది, చుట్టూ తిరుగుతుంది. దాన్ని తిప్పుతూ ఉండు, లేకపోతే బిగుసుకుపోతుంది."

"మరి రేపు తాళి కట్టొచ్చా తాతా?" అన్నాడు ఎరకయ్య బిక్కమొహం వేసి.

"చెయ్యి వంచకుండా కట్టగలిగితే కట్టుకో."

ఇంటికి రాగానే గవరయ్య, "తలుపు మెదలకూడదంటే గడియ ఉండాలి గదరా!" అని వీధి తలుపు గడియ ఊడబీకి తమ్ముడి మోచేతికి బిగించాడు. ఇంకేముంది, గేదె తలుపు తోసుకొచ్చి, పెళ్ళికి పట్టుకెళ్ళాల్సిన గారెల పిండంతా బొక్కేసింది.

"మళ్ళీ రుబ్బాలా? రోలెందుకురా, వీడి భుజంలో ఉందిగా!" అన్నాడు అప్పలకొండ. నానిన మినప్పప్పు తెచ్చి తమ్ముడి భుజమ్మీద గుమ్మరించాడు. ఎరకయ్య చెయ్యి గిర్రున తిప్పాడు. పప్పంతా ఎగిరి, అప్పుడే గుమ్మంలోకొచ్చిన కాబోయే మామగారి మీసాల నిండా పడింది.

"నలిగిందా మామా?" అన్నాడు ఎరకయ్య ఆశగా.

"ఎలా నలుగుతుంది, గుంట చాలందే!" అంటూ అప్పలకొండ ఉలి పట్టుకొచ్చాడు. మామగారు లాక్కున్నాడు గాని, లేకపోతే పెళ్ళికొడుకు భుజానికి బొక్క పడేది.

మర్నాడు పీటల మీద ఎరకయ్య ఎంత తంటాలు పడ్డా కర్రలా ఉన్న చెయ్యి నూకాలు మెడ వెనక్కి తిరగలేదు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు గోల.

"పిల్లని మేనబావకి ఇచ్చేద్దాం, అదిగో కూర్చునే ఉన్నాడు" అన్నారెవరో. "నూకాలూ, నన్నొదిలెయ్యకే!" అని ఎరకయ్య ఏడ్చేశాడు.

"ఊరుకో! ఇలా తే" అంటూ నూకాలు తాళి లాక్కుని తన మెడలో తనే ముడులేసుకుంది. జనం పగలబడి నవ్వుతూ అక్షింతలు జల్లారు.

గవరయ్య మాత్రం నవ్వలేదు. "ఒరే, తాళి కట్టినవాళ్ళే గదా మొగుడు! కట్టింది ఆ పిల్ల. అంటే..."

"నేను పెళ్ళాన్నా అన్నా?" అన్నాడు ఎరకయ్య.

అంతే! అన్నలిద్దరూ గొల్లుమని ఏడ్చారు. తమ్ముణ్ణి తీసుకెళ్ళి అత్తగారి చేతుల్లో పెట్టారు. "గారంగా పెంచుకున్నాం అత్తా. వంట రాదు, పొద్దున్నే లేవలేడు. తప్పుచేస్తే కడుపులో పెట్టుకోండి" అన్నాడు గవరయ్య వెక్కుతూ.

ఎరకయ్య పైపంచ నెత్తిన కప్పుకుని, తల వంచుకుని, కుడికాలు ముందుపెట్టి అత్తారింట్లోకి నడిచాడు.