రెండో రోకలి

నల్లమల అంచున కంకర రోడ్డు ఆగిపోయిన చోట బస్సు దిగి, చీనీ తోటల పక్కగా అరగంట నడిస్తే రోకళ్లమ్మ మిట్ట వస్తుంది. మిట్ట మీది గుడి గర్భగుడిలో విగ్రహం ఉండదు. పసుపు కుంకుమలు పెట్టిన ఒక అరిగిపోయిన రాతి రోలు, అంతే. కొత్తగా వచ్చినవారు అమ్మవారు ఏరని వెతుక్కుంటారు. పూజారి రోలును చూపిస్తే కొంచెం చిన్నబుచ్చుకుంటారు కూడా. మండపం గోడకు మాత్రం వందకు పైగా రోకళ్లు ఆనించి ఉంటాయి. ఉత్త రోలు దంచడం ఏ ఇంట్లోనూ చేయకూడని పని. ఇక్కడ అదే పూజ. ఎందుకలా అయిందో భక్తులు తెలుసుకోవాలి.

పూర్వం ఇక్కడ, ఈ మిట్ట కింద, నలభై గడపల ఊరు ఉండేది. ఎదురుగుట్ట మీద పాళెగాడి కోట. గోడ ఎంత ఎత్తు లేపినా ఆయనకు కంటినిండా నిద్ర పట్టేది కాదు. ఇంటికొక మనిషి చొప్పున వెట్టికి రమ్మన్నాడు, వచ్చారు. ఆ ఏడు తొలకరి పడింది. నేల పదును ఆరిపోతోంది, విత్తాల్సిన చేతులేమో గుట్ట మీద రాళ్లు మోస్తున్నాయి. ఊరంతా చావడిలో కూడి, విత్తనం పడేదాకా వెట్టికి రాలేమని చెప్పాలని ఒక్క మాట అనుకున్నారు. చెప్పడానికి మద్దిలేటి అనే రైతును ముందు నిలబెట్టారు.

మద్దిలేటి చెప్పాడు. పాళెగాడు అతని వెనకనున్న వాళ్ల వైపు చూసి, "ఈ మాట ఇతని ఒక్కడిదా, ఊరందరిదా?" అని అడిగాడు. అందరి చూపూ నేల మీదికి పోయింది. అయితే ఇది ఒక్కడి పొగరేనని తేల్చి, మద్దిలేటిని కోట వాకిట బొండకొయ్యలో కాళ్లు బిగించి కూర్చోబెట్టారు. మరునాడు పొద్దు గుంకేలోగా ఊరు వచ్చి ఆ మాట తమదని చెప్పకపోతే, అతణ్ణి కొత్త బురుజు పునాదికి బలి ఇస్తామని చాటింపు వేశారు.

తెల్లవారింది మొదలు మద్దిలేటి భార్య సుంకమ్మ గడప గడపా తిరిగింది. ఎవరూ కసురుకోలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. మజ్జిగ ఇచ్చారు, ఆమెతో పాటు కళ్లు తుడుచుకున్నారు. పెదనాయన వరసైన ఓబులేసు, "నలుగురు బయల్దేరనీ మ్మా, ఐదోవాణ్ణి నేనే" అన్నాడు.

"ఆ నలుగురూ ఎవురు పెదనాయనా?"

ఓబులేసు చూపు ఇంటి దూలం వైపు తిప్పుకున్నాడు. పక్కింట్లోనూ అదే మాట, ఆ పక్కింట్లోనూ అదే. ఊరంతా ఆ నలుగురి కోసం కాచుకుని ఉంది.

ఒక్క గడప మాత్రం సుంకమ్మ ఎక్కలేదు. అది ఊరి చివరనున్న కుమ్మరి ఈరమ్మ ఇల్లు. కిందటేడు ఈరమ్మ పెనిమిటిని ఇలాగే పట్టుకుపోయినప్పుడు ఆమె వచ్చి సుంకమ్మ వాకిట్లో ఏడ్చింది. పక్కవాళ్లు కదిలితే మేమూ కదులుతామని చెప్పి తలుపు మూసింది సుంకమ్మే. ఆ మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడగాలి? సిగ్గుతో వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నానికి ఇల్లు చేరి, పెరట్లో రోలుకు ఆనుకుని కూలబడింది. అలసటకు రెప్ప వాలింది. కలలో ఎర్రకోక ముసలామె రోలంచున కూర్చుని, "లేసి దంచు మ్మే" అంది.

"ఇంట్లో గింజ ల్యాదు తల్లీ."

"ఉత్తదే దంచు."

"ఇంటికి అరిష్టం గదా?"

"ఇంగా రానట్టు మాట్లాడ్తాండావే" అంది ముసలామె.

సుంకమ్మ ఉలిక్కిపడి లేచింది. పొద్దు అప్పటికే వాలుతోంది. రోకలెత్తి ఉత్త రోట్లో వేసింది. రోకలి చివరి ఇనుప పొన్ను రాతికి తగిలి ఖణేలుమంది. వడ్ల మీద పడే దెబ్బ మెత్తగా ఉంటుంది. ఇది ఊరు ఊరంతా వినబడే చప్పుడు, అరిష్టమని అందరికీ తెలిసిన చప్పుడు. వీధిలో తిరుగుతున్న కోట బంట్లు కూడా విన్నారు. బదులుగా ఎవరు రోకలెత్తినా ఏ ఇల్లో వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

పది దెబ్బలు వేసి చెవులొగ్గింది. ఏమీ లేదు. మళ్లీ వేసింది. ఎక్కడో తలుపు గడియ పడిన శబ్దం వచ్చింది. నీడ గోడ దాటింది. చేతులు బొబ్బలెక్కాయి. దంచినంతసేపూ పర్వాలేదు, ఆపినప్పుడే భయం వేసేది. ఇక ఎవరూ లేరేమో, రేపటి నుంచి ఈ ఊళ్లో వీళ్ల మధ్యే బతకాలేమో అనిపించింది.

అప్పుడు ఊరి చివర రెండో రోకలి మోగింది.

అది ఈరమ్మది. సుంకమ్మ ఏడుస్తూనే దంచింది. తరువాత మూడోది, కాసేపటికి నాలుగోది. ఓబులేసు మాట తప్పలేదు, ఐదో రోకలి ఆయన ఇంట్లోదే. ఆ మీదట లెక్క పెట్టే పని లేకపోయింది.

భుజాన రోకళ్లతో ఊరు గుట్టెక్కింది. ఆ మాట ఎవరిదని పాళెగాడు మళ్లీ అడిగాడు. అన్ని రోకళ్లూ ఒక్కసారిగా బండకు తగిలాయి. "ఊరిదే దొరా" అన్నాడు ఓబులేసు. కోటగోడ బీటిచ్చిందని కొందరంటారు, పాళెగాడి నోరు పడిపోయిందని కొందరంటారు. పొద్దు గుంకకముందే మద్దిలేటిని విడిచిపెట్టడం, ఆ విత్తనాల కాలమంతా వెట్టి ఆగడం మాత్రం అందరూ ఒప్పుకునే సంగతి.

గుట్ట దిగుతూ సుంకమ్మ, "నీకు తలుపు మూసినదాన్ని గదక్కా, నువ్వెట్లా రోకలెత్తినావు?" అని అడిగింది.

"రెండో చప్పుడు కోసం కాచుకోనుండేది ఎట్లుంటాదో నాకు తెలుసులే" అంది ఈరమ్మ. క్షమించానని ఆమె అనలేదు. సుంకమ్మ అడగనూ లేదు.

సుంకమ్మ దంచిన ఆ రోలునే మిట్ట మీద నిలిపి గుడి కట్టారు. నేటికీ తొలకరి తరువాత వచ్చే మంగళవారం ఇక్కడ జాతర జరుగుతుంది. మొదటి రోకలి వేసే ఇంటిని ముందుగానే నిర్ణయిస్తారు. రెండోది ఎవరిదో నిర్ణయించరు, ఎవరికీ చెప్పి ఉంచరు. అది మోగేదాకా పూజారి హారతి వెలిగించడు. ఒక ఏడు సందె చీకటి దాకా వేచి ఉండవలసి వచ్చిందని పెద్దలు ఇప్పటికీ దిగులుగా చెబుతారు. అన్యాయంగా చిక్కుల్లో పడి, సాక్షి దొరకనివారు అమ్మను నమ్ముకుంటే తోడు నిలిచే మనిషి దొరుకుతాడని ప్రతీతి.

భక్తులకు మనవి. రోకళ్లు మండపంలోనే ఉంటాయి, ఎవరైనా ఎత్తవచ్చు. మొదటి రోకలి మోగిన తరువాత పక్కవారి ముఖం వైపు చూడరాదు.