చీమ దూరని అర

ఆ వారమంతా హుస్సేనమ్మ కాలు నేల మీద నిలవలేదు. సోమవారం బడి తెరుస్తారు. ఊరంతా ఎండకు జడిసి నీడ పట్టున పడుకుంటే, ఆమె మాత్రం పొద్దున్నే కొంగు నడుముకు చెక్కి బడి లైబ్రరీలోకి దూరేది. జూన్ గాలికి తలుపు దబదబా కొట్టుకుంటుంటే లోపల గడియ పెట్టుకుని పని చేసుకునేది.

అది ఫకీరప్ప తాత పెట్టిన బడి. నాపరాతి గనుల పక్కన, దర్గాకు ఎదురుగా నాలుగు గదులు. తాతను కొందరు పీరు అంటారు, కొందరు స్వామి అంటారు. ఆయన రెంటికీ పలుకుతాడు. హుస్సేనమ్మ ఆయన దగ్గర శిష్యురాలిగా ఉంటూనే చదువుకుంది, ఆయన బడిలోనే లైబ్రేరియన్ అయింది. తాత ఎప్పుడూ పెద్దగా బోధించడు. అడిగినదానికి కూడా సగం సార్లు నవ్వి ఊరుకుంటాడు. అందుకని ఆయన శిష్యులకు కాస్త భయం ఎక్కువ.

ఈసారి పట్నం నుంచి ఎవరో పుణ్యాత్ములు పెట్టెల నిండా కొత్త పుస్తకాలు పంపారు. హుస్సేనమ్మ పెట్టె మూత తెరిచి ముందు వాసన చూసింది. తర్వాత ఎవరూ చూడటం లేదని నిశ్చయం చేసుకుని ఒక పుస్తకాన్ని బుగ్గకు ఆనించుకుంది. ఒక్కోదానికి ఖాకీ అట్ట వేసి, నంబరు చీటీ అంటించి, మధ్యలో నాలుగు పేజీలు చదివి తనలో తానే నవ్వుకునేది. తాబేలు బొమ్మలది రాళ్లు కొట్టే ఓబన్న కొడుక్కి బాగుంటుంది. నక్షత్రాలది ఏడో తరగతి వాళ్లు కొట్టుకుని మరీ చదువుతారు. ఇట్లా ఏ పుస్తకం చూసినా ఒక పిల్లో పిల్లాడో కళ్లకు కట్టేవాళ్లు.

ఇంత సంతోషంలోనూ గొంతులో ఒక ముల్లు ఉంది. బడి కమిటీ కార్యదర్శి ఓబులేసు సెలవులిచ్చేముందు ఒక మాట అన్నాడు.

"ఈ యేడంతా పిల్లోళ్లు ఈ గది తొక్కినట్టే లేదు హుస్సేనమ్మా. వానలు పడితే పిల్లోళ్ల అన్నాల బియ్యం మూటలకు చోటు లేక చస్తాండాం. బడి తెరిచిన పొద్దు వస్తా. పిల్లోళ్లు పుస్తకాలు పట్టుకుంటే సరే. లేదంటే ఈ గది బియ్యానికి. నన్నేమీ అనుకోవద్దు."

ఓబులేసు చెడ్డవాడు కాదు. తడిసిన బియ్యం పారబోయాల్సి వస్తే కళ్లనీళ్లు పెట్టుకునే మనిషి. అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకోవచ్చు.

పిల్లలు ఎందుకు రాలేదని ఆమె తనను తానే అడిగి చూసుకుంది. పుస్తకాలు పాతవి, అందుకు రాలేదు. అరల్లో ఒకదానిమీద ఒకటి వాలిపోయి, మూలలు మడతలు పడి చూడటానికే అసహ్యంగా ఉండేవి. ఇంతకుమించి ఏముంటుంది?

మూడో తరగతి ఈశ్వరి అప్పుడప్పుడూ గుర్తొచ్చేది. ఆ పిల్ల పోయినేడు ఒక పుస్తకాన్ని వీపు పైన గోళ్లతో పట్టి లాగితే అట్ట పర్రుమని చిరిగింది. "అవి చేతులా, ఇనప కొక్కేలా?" అని హుస్సేనమ్మ గదిలో అందరి ముందూ కేకలేసింది. ఈశ్వరి మళ్లీ రాలేదు. ఆ పిల్ల వెంట తిరిగేవాళ్లూ రాలేదు. ఈ సంగతి మనసులోకి వచ్చినప్పుడల్లా హుస్సేనమ్మ ఇంకో పుస్తకానికి అట్ట వెయ్యడం మొదలుపెట్టేది.

ఈసారి అట్లా చిరగకూడదు. ఒక్క పుస్తకం కూడా వాలకూడదు. పుస్తకం వాలితే నడుం విరుగుతుంది. అరలు గోడలోకి కట్టిన నాపరాళ్లు, అటూ ఇటూ కదిలేవి కావు. వాటిలో ఆమె పుస్తకాలను బాగా బిగించి పేర్చింది. చివరి రెండూ మోకాలితో తోసి మరీ ఎక్కించింది. దూరంగా నిలబడి చూస్తే గీత గీసినట్టున్నాయి. ఆ వరసలు చూసుకుంటే ఆమెకు కడుపు నిండిపోయింది.

శుక్రవారం సాయంత్రం నమాజు అయ్యాక ఫకీరప్ప తాత వచ్చాడు. గడియ తీయించుకుని లోపలికొచ్చి అన్నీ చూశాడు.

"ఎట్లుంది తాతా?"

"శానా గట్టిగుంది."

"చీమ కూడా దూరదు," అంది హుస్సేనమ్మ పొంగిపోతూ.

"ఊఁ," అన్నాడు తాత. "నాకొక పుస్తకం ఇయ్యి పాపా."

ఆమె తెల్లబోయింది. తాత తనంతట తాను పుస్తకం అడగడం ఆమె ఎరగదు. "మీకా? ఏది కావాల?"

తాత చిన్నపిల్లల అర వైపు వేలు చూపించాడు. మోకాలి ఎత్తున ఉన్న వరస, దాని నట్టనడుమ పుస్తకం. హుస్సేనమ్మ వంగి లాగింది. రాలేదు. ఇంకా గట్టిగా లాగితే అట్ట చిరుగుతుంది. బల్ల మీది స్టీలు స్కేలు తెచ్చి సందులో దూర్చి, కొంచెం కొంచెంగా పెళ్లగించి బయటికి తీసింది. నుదుటికి చెమట పట్టింది. తాత అదంతా శ్రద్ధగా చూసి, పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

వరసలో ఊడిన పన్నులా ఒక ఖాళీ. ఆమె పెట్టెలోంచి ఇంకో పుస్తకం తీసి అక్కడ బిగించింది.

మర్నాడూ తాత వచ్చాడు. "ఇంకొకటి ఇయ్యి." అదే అర, అదే చోటు. మళ్లీ స్కేలు, మళ్లీ చెమట. పెట్టెలో మిగిలిన ఆఖరి పుస్తకంతో ఆమె ఆ సందు కూడా పూడ్చింది.

ఆదివారం సాయంత్రం మళ్లీ తాత గొంతు వినిపించింది.

"తాతా, ముందు తీసుకుండేవి అయిపాయనా?"

"లేదు."

"మరి..."

"ఇంకొకటి ఇయ్యి పాపా."

గురువు అడిగితే కాదనడం ఎట్లా? ఇచ్చింది. ఆయన వెళ్లాక ఆ ఖాళీ ముందు చతికిలబడింది. రేపు పొద్దున ఓబులేసు వస్తాడు. గది మొత్తం వదిలేసి ఈ ఖాళీనే చూస్తాడు. "పుస్తకాలే సరిగ్గా లేవు, పిల్లోళ్లేం వస్తారు?" అంటాడు. పెట్టె చూస్తే ఖాళీ.

సిగ్గు విడిచి దర్గా చావిడికి వెళ్లింది. అడిగి తెచ్చుకుందామనుకుంది. తాత అక్కడ లేడు. ఆయన చాప పక్కన మూడు పుస్తకాలూ ఉన్నాయి. ఒక్కటి తెరిచినట్టు లేదు. పైదాని మీద టీ గ్లాసు. గ్లాసు ఎత్తి చూస్తే కొత్త ఖాకీ అట్ట మీద గుండ్రంగా మరక.

హుస్సేనమ్మకు ఒళ్లు మండింది. గురువు మీద కోపం రాకూడదని తెలుసు, అయినా వచ్చింది. చదవనివాడికి పుస్తకమెందుకు? నా కష్టమంటే ఇంత చులకనా? అక్కడే ఏడుపు కూడా వచ్చింది. అడక్కుండా తీసుకోవడానికి చెయ్యి రాలేదు. గ్లాసును ఎక్కడిదక్కడ పెట్టి బయటికొచ్చింది.

తిరిగొచ్చే దారిలో గనుల వాళ్లు పారబోసిన నాపరాతి ముక్కలు కుప్పగా పడున్నాయి. ఒకటి చూస్తే సరిగ్గా పుస్తకమంత ఉంది. మందమూ అంతే. ఆమె అటూ ఇటూ చూసి దాన్ని కొంగు చాటున పెట్టుకుంది. అంచులు గచ్చుకు రుద్ది, ఖాకీ అట్ట వేసి, నంబరు చీటీ అంటించి ఖాళీలోకి తోసింది. రాయి మిగతావాటికంటే బిగువుగా కూర్చుంది. చూస్తే అచ్చం పుస్తకమే. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

సోమవారం గంట కొట్టారు. ప్రార్థన అయింది. మాస్టారు పిల్లల్ని లైబ్రరీకి పంపాడు. హుస్సేనమ్మ తలుపు తీసి పక్కన నిలబడింది. అప్పటికే ఓబులేసు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

పిల్లలు గడప దగ్గర ఆగారు. "రండమ్మా, అన్నీ మీయే," అంది. ఒక్కొక్కరే వచ్చారు. ఓబన్న కొడుకు నంబరు చీటీ కింద గోళ్లు దూర్చి లాగాడు. వేళ్లు జారాయి. చెయ్యి నిక్కరుకు తుడుచుకుని మళ్లీ లాగాడు. పుస్తకం అంగుళం కదల్లేదు. వాడు హుస్సేనమ్మ మొహం చూసి చప్పున చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఇంకో పిల్ల వేలితో అట్టల మీద అటూ ఇటూ గీత గీసి ఊరుకుంది. ఇద్దరు కిటికీలోంచి గనుల లారీని చూస్తున్నారు. ఈశ్వరి అందరి వెనక నిలబడింది, రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని.

ఎవరి చేతిలోనూ పుస్తకం లేదు. ఓబులేసు గది మూలను పైకీ కిందికీ చూస్తున్నాడు. ఎన్ని మూటలు పడతాయో లెక్క వేస్తున్నాడని హుస్సేనమ్మకు తెలిసిపోయింది. ఏం తప్పు జరిగింది? అన్నీ సరిగ్గా ఉన్నాయి కదా?

అప్పుడు తాత వచ్చాడు. నేరుగా చిన్నపిల్లల అర దగ్గరికి నడిచి, అదే చోట వేలు పెట్టాడు.

"ఈ పుస్తకం ఇయ్యి పాపా."

"తాతా, అది..."

"అదే."

"వేరేది ఇస్తా తాతా. ఆ పక్కది..."

"తాత అడుగుతాంటే ఇయ్యవేమ్మా," అన్నాడు ఓబులేసు దగ్గరికొస్తూ.

పిల్లలందరూ ఇటు తిరిగారు. ఆమె వంగి స్కేలు దూర్చింది. స్కేలు రెండుసార్లు జారింది. రాయి గీరుకుంటూ బయటికొచ్చింది. ఇప్పుడు తాత అట్ట విప్పుతాడు. ఓబులేసు చూస్తాడు, పిల్లలు చూస్తారు. భూమి చీలితే బాగుండుననిపించింది.

తాత రెండు చేతులా అందుకున్నాడు. బరువుకు ఆయన భుజం కిందికి వాలింది. మొహంలో మాత్రం ఏమీ లేదు. దాన్ని గుండెకు ఆనించుకుని కిటికీ కింద కూర్చుని, ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

అరలో ఖాళీ మిగిలింది. రాయి పోగానే అటూ ఇటూ ఉన్న పుస్తకాలు ఊపిరి వదిలినట్టు సడలి, ఒకటి మెల్లగా పక్కకు వాలింది. హుస్సేనమ్మ చెయ్యి దానంతటదే సర్దడానికి ముందుకు పోయింది.

అక్కడ ఈశ్వరి నిలబడి ఉంది.

ఆ పిల్ల ముందు హుస్సేనమ్మ మొహం చూసింది. తర్వాత ఖాళీని చూసింది. వీపు వెనకనుంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. నాలుగు వేళ్లు ఆ సందులోకి పోయి, వాలిన పుస్తకాన్ని నడుం దగ్గర పట్టుకున్నాయి. పుస్తకం వెన్నలోంచి వెంట్రుకలా వచ్చేసింది.

ఆ వెంటనే దాని పక్కది జారి దబ్బున గచ్చు మీద పడింది.

ఈశ్వరి చేతిలో పుస్తకం అట్లాగే ఉంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక కేక పడుతుందని అందరూ ఎదురుచూశారు.

హుస్సేనమ్మ వంగి పడ్డ పుస్తకాన్ని తీసింది. మూల మడత పడింది. కొంగుతో దుమ్ము తుడిచింది. అర వైపు చూసింది. రెండో చేతిలో ఉన్న స్కేలును చూసింది.

తర్వాత ఆ పుస్తకాన్ని అరలో పెట్టకుండా ఓబన్న కొడుకు చేతిలో పెట్టింది. "దీంట్లో తాబేలు ఉంది చూడు," అంది.

ఆ ఖాళీలోకి ఇంకో చెయ్యి వచ్చింది. ఇంకోటి వచ్చింది. హుస్సేనమ్మ పై అరకు వెళ్లి స్కేలు దూర్చి, నడుమనున్న పుస్తకం పెళ్లగించి ఓబులేసుకిచ్చింది.

"నాకెందుకమ్మా?"

"చదవండన్నా."

"కష్టపడి పేర్చినావు, మళ్లా పీకుతాండావేం?"

ఆమె పక్క అరకు వెళ్లింది. ప్రతి వరసలో ఒకటి తీసింది. తీసినదల్లా దగ్గరున్నవాళ్ల చేతిలో పెట్టింది. ఒకటి పిల్లల వెనకే వచ్చిన మాస్టారుకు, ఒకటి బియ్యం ఏరడం ఆపి తొంగిచూస్తున్న వంటామెకు. వరసలు వంకర పోయాయి. పుస్తకాలు ఒకదాని భుజం మీద ఒకటి వాలాయి. గదిలో గోల మొదలైంది.

"ఓబులేసన్నా, మరి ఈ గదిలో బియ్యం ఎప్పుడేస్తారు?" అని వంటామె గడపలోంచి అడిగింది.

"ఉండక్కా," అన్నాడు ఓబులేసు తలెత్తకుండా, పేజీ తిప్పుతూ. "ఆ పక్క వరండాకు రేకులు వేయిద్దాంలే."

మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు వెళ్లాక గదిలో గురువూ శిష్యురాలూ మిగిలారు. తాత లేచి ఒళ్లోది రెండు చేతులా ఆమెకు అందించాడు. హుస్సేనమ్మ తల ఎత్తలేకపోయింది.

"తాతా, అది పుస్తకం కాదు."

"చేతికొచ్చినాంక తెలిసింది," అన్నాడు తాత. "అరలో ఉన్నప్పుడు అన్నీ ఇట్లే ఉన్నాయి గదా పాపా."

ఆయన కర్ర అందుకుని వెళ్లిపోయాడు. బయట గాలి లేచింది. తలుపు ఒకసారి దబ్బున కొట్టుకుంది. హుస్సేనమ్మ గడియ వైపు పోబోయి ఆగింది. చేతిలోని రాయిని, నంబరు చీటీతో సహా, తలుపు మూసుకోకుండా గడప దగ్గర అడ్డం పెట్టింది.