మూత కింద ఏడ్చిన దయ్యం

అనగనగా ఓ ఊరు. ఊరి పేరు అడక్కండి, మా అమ్మమ్మ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఊళ్ళో పేరిందేవి అని ఒకావిడ. ఆవిడ చేసిన బిస్కట్లూ చాక్లెట్లూ తప్ప రాజుగారి నోటికి ఇంకోటి రుచించేది కాదు. ఏం శౌరీ, నవ్వుతున్నావ్? రాజుల కాలంలో చాక్లెట్లెక్కడివనా? నా కథలో రాజు నేను ఏం పెడితే అది తింటాడు, నీలాగ వంకలు పెట్టడు. ఊ కొట్టు.

కోట ఎంతో దూరం కాదు, పక్క వీధే. పొయ్యి మీంచి దించినవి దించినట్టే వెళ్ళిపోయేవి, రాజుగారు కరుక్కు కరుక్కుమని నమిలేవారు. ఇలా ఉండగా రాజుగారు ఓడ మీద అత్తారింటికి ప్రయాణం కట్టారు. ఉత్తచేతులతో వెళతారా మరి? ఓ పెద్ద డబ్బా నిండా బిస్కట్లూ చాక్లెట్లూ చేసిమ్మని పేరిందేవికి కబురు పెట్టారు.

ఈ పేరిందేవికి చెయ్యి ఎంత మంచిదో, అనుమానం అంత జాస్తి. కోడలుంది, వరాలని, కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల. అది ఎక్కడ నోట్లో వేసుకుంటుందోనని ఈవిడ బెంగ. అందుకని ఏం చేసిందంటే, పొయ్యి మీంచి పళ్ళెంలోకి, పళ్ళెంలోంచి డబ్బాలోకి, డబ్బాకి మూత, మూతకి తాళం, తాళంచెవి బొడ్లోకి! బిస్కట్లు ఇంకా పొగలు కక్కుతూనే ఉన్నాయి. వాటి నెత్తినే చాక్లెట్లు. ఆ డబ్బా పెట్టింది కూడా ఎక్కడా, కొట్టుగదిలో పొయ్యిగోడకి ఆనించి, ఆవకాయ జాడీ పక్కన. పోనీ పెట్టినదాన్ని పెట్టినట్టు ఉంచిందా? కోడలు అటు వెళ్ళొస్తే చాలు, ఈవిడ వెళ్ళి మూత తీసి చూసుకోవడం.

వరాలు మెల్లిగా, వేడి మీద మూత పెడితే మెత్తబడతాయేమో అత్తయ్యా అంది. నిన్నగాక మొన్నొచ్చి నాకు నేర్పుతున్నావా అని ఆవిడ కసురుకుంది. పాపం, పిల్ల వెళ్ళి అంట్లు ముందేసుకుంది.

ఊ కొడుతున్నారా? కిన్నెరా, నిద్దరోతే చాక్లెట్ల సంగతి తెలీదు మరి.

అక్కడ అత్తారింట్లో పదిమంది ముందూ డబ్బా తెరిచారు. రాజుగారి అత్తగారు బిస్కట్టు కొరికారు. కరుక్కూ లేదు, పరుక్కూ లేదు! అల్లుడుగారూ, మీ రాజ్యంలో అట్టలు నానబెట్టి తింటారా అని అడిగారావిడ. చాక్లెట్లు చూస్తే ఒంటినిండా విభూతి పూసుకున్నట్టు తెల్లగా ఉన్నాయి. నోట్లో పెడితే ఆవకాయ వాసన. పెద్ద పెద్ద యుద్ధాలు గెలిచిన రాజు, అత్తగారి ముందు తలెత్తలేకపోయాడు.

తిరిగొచ్చి పేరిందేవిని పిలిపించాడు. వచ్చే నెల మళ్ళీ వెళుతున్నాను, ఈసారి కరుక్కుమనకపోయిందో, కోటవంట నీ ఇంట్లోంచి తీసేస్తానన్నాడు. ఆ వంట వాళ్ళ అత్తగారి అత్తగారి కాలంనుంచీ ఆ ఇంటిదే. అది పోతే ఊళ్ళో తలెత్తుకోవడం ఎలాగని పేరిందేవి ఇంటికొచ్చి కుళ్ళికుళ్ళి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి చివరికేం తేల్చిందో తెలుసా? నా చేతిలో తప్పు లేదు, డబ్బాలో దయ్యం దూరిందీ అంది. తప్పు మనది కాదనుకోవడానికి దయ్యమంత చుట్టం ఇంకోటి లేదు నాయనా.

భూతవైద్యుణ్ణి పిలిచింది. వాడు కొట్టుగది నిండా సాంబ్రాణి పొగ వేసి, పళ్ళెంలోని వేడి బిస్కట్లన్నీ తినేసి, దయ్యం పారిపోయిందని చెప్పి వెళ్ళిపోయాడు. మళ్ళీ చేసి చూస్తే బిస్కట్లు మెత్తగానే ఉన్నాయి. చాక్లెట్లకి ఆవకాయ వాసనతో పాటు సాంబ్రాణి వాసన కూడా పట్టింది.

అప్పుడు వరాలు ఆలోచించింది. నా మాట వినదు, దయ్యం మాటైతే వింటుంది అనుకుంది. పొద్దున్నే ఆవిడ ఇంకో వాయి దించి మూత బిగించగానే, అత్తయ్యా, దయ్యం నాకు కల్లో కనపడిందండీ అంది. పేరిందేవి చేతిలో పని వదిలేసింది. ఏమందే, ఏమందే అని దగ్గరకొచ్చి కూచుంది.

వరాలు ఇలా చెప్పింది. అది ఆవిరి దయ్యమట. వేడి బిస్కట్లో కాపరముంటుందట. చల్లారేదాకా ఆగితే దానంతటదే వెళ్ళిపోతుందట. వెళ్ళకముందే మూత పెడితే, దారిలేక లోపల కూచుని ఏడుస్తుందట. కావాలంటే మూత కింద నా కన్నీళ్ళు చూసుకోమందట.

పేరిందేవి పరుగెత్తికెళ్ళి అప్పుడే మూసిన డబ్బా తెరిచింది. మూత కింద బొట్లు బొట్లుగా నీళ్ళు! అయ్యో, ఎంత ఏడిచిందే అని నోరు నొక్కుకుంది.

చాక్లెట్ దయ్యం ఇంకా సుకుమారమట. పొయ్యిగోడ వేడికి కరిగి, రాత్రి చలికి గడ్డకట్టి, అలిగి మొహాన సున్నం పూసుకుంటుందట. దానికి బిస్కట్లతో పొత్తు పడదు, ఆవకాయ గాలి పడదు. కాగితం చుట్టి, వేరే డబ్బాలో, చల్లటి చోట ఉంచమందట. ఆఖరిది మాత్రం చెప్పలేనండీ అంది వరాలు. ఆవిడ చెప్పమని బతిమాలింది. మాటిమాటికీ మూత తీస్తే బయటి చెమ్మ లోపలికి పోతుందట, అంచేత అనుమానం ఉన్నవాళ్ళ దగ్గర తాళంచెవి ఉండకూడదట.

పేరిందేవి చెయ్యి బొడ్డు మీదికి పోయింది. వాళ్ళ అత్తగారు పోయిన నాటినుంచీ ఆ చెవి ఆవిణ్ణి వదల్లేదు. ఇటు చూస్తే చెవి, అటు చూస్తే కోటవంట. చివరికి తీసి కోడలి చేతిలో పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఈసారి పొయ్యి మీంచి పళ్ళెంలోకి, పళ్ళెంలోంచి గుడ్డ మీదికి, గుడ్డ మీద గాలికి, పూర్తిగా చల్లారాక డబ్బాలోకి, అడుగున చెమ్మ పీల్చడానికి బియ్యం మూట, ఆ పైన మూత! చాక్లెట్లకి వేరే కాపరం. ఓడ వెళ్ళింది. రాజుగారి అత్తగారు కొరికితే కరుక్కుమన్న చప్పుడుకి మామగారు కునుకులోంచి ఉలిక్కిపడి లేచారట!

రాజుగారు కోటవంట మీకే అని కబురంపారు. వరాలు తాళంచెవి తెచ్చి అత్తగారికివ్వబోయింది. పేరిందేవి పుచ్చుకోలేదు. కోడలి కొంగున తనే ముడేసి, ఏమేవ్, ఆ దయ్యం అచ్చం నీ గొంతుతోనే మాట్లాడిందా అని అడిగింది. వరాలు తల దించుకుంది. "నీ మాట వినకపోవడం నాదే తప్పు. ఇకమీదట నీ నోటితోనే చెప్పు, వింటాను. ఊరికే ఆ దయ్యాన్ని శ్రమపెట్టకు" అంది పేరిందేవి. ఇద్దరూ పడీపడీ నవ్వుకుని, చెరో బిస్కట్టు తిన్నారు.

అదర్రా సంగతి. చిన్నవాళ్ళు చెప్పినా మంచిమాట చెవిన పెట్టాలి, వేడి మీద మూత పెట్టకూడదు. ఇందాక మన వంటింట్లో ఎవరో వేడి బిస్కట్లు డబ్బాలో పోసి, తమ్ముడికి దొరక్కుండా మూత బిగించేశారు. ఎవరని నేనడగను. ఏం కిన్నెరా, నిద్ర నటించకు! వెళ్ళి ఆ మూత తీసి రా, పాపం ఏడుస్తోంది. నువ్వొచ్చేసరికి కథ కంచి దారి పడుతుంది, మనం దుప్పట్లోకి దూరదాం.